కిలోరాడ్ నుంచి గ్రే దాకా: వికిరణ మోతాదుల మార్పిడిలో పాటించవలసిన జాగరూకత

వ్యవసాయ విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలలో ఉత్పరివర్తన ప్రజననంపై వెలువడిన సిద్ధాంత గ్రంథాలకు ఒక ప్రత్యేక స్థానం ఉన్నది. వరి, వేరుశనగ, పెసర, మినుము, నువ్వు, ఆముదం వంటి పైర్ల విత్తనాలపై ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు, న్యూట్రాన్లు కలిగించిన ప్రభావాలను అవి ఓపికగా నమోదు చేశాయి. వాటిలో పాతవి మోతాదును కిలోరాంట్‌జెన్‌లలోనో, కిలోరాడ్‌లలోనో తెలుపుతాయి. కొత్తవి గ్రే, కిలోగ్రే ప్రమాణాలను వాడుతాయి. నేడు కొత్తగా పరిశోధన ప్రారంభించే విద్యార్థి తన రకానికి తగిన మోతాదును నిర్ణయించుకోవాలంటే ఈ రెండు కాలాల గ్రంథాలనూ చదివి, ఒకదాని అంకెలను మరొకదాని ప్రమాణంలోకి మార్చుకోక తప్పదు.

ఈ మార్పిడి గణితపరంగా అతి సులభం. ప్రాథమిక పాఠశాల గుణకారం చాలు. ఆ సులభత్వమే అశ్రద్ధకు కారణమవుతున్నది. అంకెను మార్చేముందు ఆ అంకె దేనిని కొలిచినదో తెలుసుకోవడం మార్పిడిలో మొదటి మెట్టు. ఆ మెట్టును విడిచిపెట్టి చేసిన మార్పిడి కంటె, పాత ప్రమాణాన్ని ఉన్నదున్నట్లుగా ఉదహరించడమే శాస్త్రానికి మేలు చేస్తుంది.

ప్రమాణాల పూర్వాపరాలు

రాంట్‌జెన్ ప్రమాణం 1928లో అంతర్జాతీయంగా స్వీకరింపబడినది. అదే సంవత్సరం అమెరికాలో స్టాడ్లర్ బార్లీ విత్తనాలపై ఎక్స్ కిరణాల ఉత్పరివర్తన ప్రభావాన్ని ప్రకటించాడు. సస్య ప్రజననంలో వికిరణ వినియోగమూ, దాని తొలి కొలమానమూ ఒకే కాలంలో పుట్టాయన్నమాట. అయితే రాంట్‌జెన్ గాలిలో కలిగిన అయనీకరణను కొలుస్తుంది. ఒక కిలోగ్రాము పొడి గాలిలో 0.000258 కూలుంబ్ విద్యుదావేశాన్ని పుట్టించే కిరణ పరిమాణం ఒక రాంట్‌జెన్. విత్తనం ఉంచిన చోట గాలి ఎంత అయనీకరణ చెందినదో అది చెప్పగలదు. విత్తనం ఎంత శక్తిని గ్రహించినదో నేరుగా చెప్పజాలదు.

ఈ లోటును పూరించడానికి 1953లో రాడ్ వచ్చింది. ఒక గ్రాము పదార్థం 100 ఎర్గుల శక్తిని శోషించుకుంటే అది ఒక రాడ్. 1975లో తూనికలు, కొలతల 15వ సార్వత్రిక మహాసభ బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లూయీ హెరాల్డ్ గ్రే పేరిట కొత్త ప్రమాణాన్ని ఆమోదించింది. ఒక కిలోగ్రాము పదార్థం ఒక జౌల్ శక్తిని శోషించుకుంటే అది ఒక గ్రే. ఒక జౌల్‌లో కోటి ఎర్గులు, ఒక కిలోగ్రాములో వెయ్యి గ్రాములు ఉన్నందున ఒక గ్రే సరిగ్గా 100 రాడ్‌లకు సమానం. దీని నుంచి తక్కినవన్నీ వస్తాయి. ఒక కిలోరాడ్ 10 గ్రే. ఒక మెగారాడ్ 10 కిలోగ్రే. ఒక రాడ్ ఒక సెంటీగ్రే. రాడ్‌కూ గ్రేకూ మధ్య మార్పిడిలో ఉజ్జాయింపు లేదు. రెండూ ఒకే రాశిని, అంటే శోషిత శక్తిని, కొలుస్తాయి.

ఈ శక్తి ఎంతటిదో ఒకసారి గమనించడం అవసరం. వరి విత్తనానికి 300 గ్రే ఇవ్వడమంటే కిలోగ్రాముకు 300 జౌల్‌ల శక్తినివ్వడం. అంతే బరువుగల నీటికి ఆ శక్తిని వేడిగా ఇస్తే ఉష్ణోగ్రత 0.07 డిగ్రీల సెల్సియస్ మాత్రమే పెరుగుతుంది. చేతికి తెలియనంత స్వల్పమైన ఆ శక్తే అయనీకరణ రూపంలో కణకేంద్రకాన్ని చేరినప్పుడు క్రోమోజోములను ఛేదిస్తుంది. కన్ను గాని, చేయి గాని, ఉష్ణమాపకం గాని పట్టుకోలేని ఈ రాశి విషయంలో పరిశోధకునికి ఆధారం కాగితంపై ఉన్న అంకె, దాని పక్కనున్న ప్రమాణం. ఆ రెండింటిలో ఏది తప్పినా సరిచూసుకునే మార్గం పొలంలో దొరకదు.

ఒక సున్నా విలువ

పాత గ్రంథంలో వరికి 30 కిలోరాడ్‌లు అని ఉన్నదనుకొందాం. అది 300 గ్రే, లేదా 0.3 కిలోగ్రే. వరి విత్తనాలకు గామా కిరణాలతో సాధారణంగా వాడే పరిధిలోనిదే ఈ మోతాదు. రెండింటిలోనూ ‘కిలో’ ఉన్నదన్న భ్రమతో దానిని 30 కిలోగ్రేగా రాస్తే మోతాదు నూరు రెట్లు పెరుగుతుంది. వైద్య పరికరాలను సూక్ష్మజీవి రహితం చేయడానికి వాడే 25 కిలోగ్రే కంటె అది ఎక్కువ. ఆ విత్తనాల నుంచి పైరు ఆశించనవసరం లేదు. కొద్ది గింజలే లభ్యమయ్యే దేశవాళీ రకం విషయంలో ఇటువంటి పొరపాటు జరిగితే ఆ విత్తనాన్ని తిరిగి తెచ్చుకోవడం కష్టం.

‘కిలో’ను వదలివేసి 30 గ్రేగా రాస్తే మోతాదు పదవ వంతుకు పడిపోతుంది. మొలక శాతం, నారు ఎత్తు, పుప్పొడి సామర్థ్యం దాదాపు కిరణాలు సోకని విత్తనాలతో సమానంగా ఉంటాయి. ఈ రెండు తప్పులలో రెండవదే ఎక్కువ హానికరం. మొదటిది మొలక పరీక్షలోనే బయటపడుతుంది. రెండవది బయటపడదు సరికదా, ‘ఈ రకం వికిరణాన్ని తట్టుకోగలదు’ అనే నిర్ణయంగా పత్రంలోకి ఎక్కుతుంది. రెండు మూడు తరాలపాటు వేలాది మొక్కలను పరిశీలించి, ఉపయుక్తమైన ఉత్పరివర్తనం కనిపించలేదని ముగించిన ప్రయోగం వెనుక జన్యుపరమైన కారణం కాక ఒక సున్నా లోపం ఉండవచ్చు.

శాఖీయంగా వ్యాప్తి చెందే పైర్లలో ఈ జాగ్రత్త మరింత అవసరం. అరటి కొన మొగ్గలకు, చామంతి కొమ్మలకు వాడే మోతాదులు పదుల గ్రేలలో ఉంటాయి. 2 కిలోరాడ్‌లను 20 గ్రేగా కాక 200 గ్రేగా మార్చితే ఆ కణజాలం నిలవదు.

మోతాదును కాలంగా మార్చుకోవడంలోనూ ఇదే సమస్య ఎదురవుతుంది. గామా యంత్రం మోతాదు రేటు గంటకు 0.3 మెగారాడ్ అని పాత ధృవపత్రంలో ఉంటే, అది గంటకు 3 కిలోగ్రే, నిమిషానికి 50 గ్రే. అప్పుడు 300 గ్రే ఇవ్వడానికి 6 నిమిషాలు చాలు. కాని కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 సంవత్సరాలు. నెలకు ఒక శాతానికి కొంచెం పైగా దాని తీవ్రత తగ్గుతూ ఉంటుంది. ధృవపత్రం ఇచ్చిన 5.27 సంవత్సరాల తరువాత అదే మోతాదుకు 12 నిమిషాలు పడుతుంది. ప్రమాణాన్ని సరిగా మార్చి, తేదీని మరచినవారు తాము కోరిన మోతాదులో సగమే ఇస్తారు.

గుణకారం చాలని సందర్భాలు

పాత పత్రాలలో కనిపించే ‘కేఆర్’ అనే సంకేతం మొదటి చిక్కు. కొందరు దానిని కిలోరాంట్‌జెన్‌కు, మరికొందరు కిలోరాడ్‌కు వాడారు. కిలోరాడ్ అయితే 30 కేఆర్ సరిగ్గా 300 గ్రే. కిలోరాంట్‌జెన్ అయితే సమాధానం పదార్థాన్ని బట్టి మారుతుంది. ఒక రాంట్‌జెన్ గాలిలో సుమారు 0.88 రాడ్‌లకు, కోబాల్ట్ గామా కిరణాల విషయంలో నీటిలో సుమారు 0.97 రాడ్‌లకు సమానం. పిండి పదార్థం ప్రధానంగా గల ధాన్యపు గింజ ఈ రెండింటి మధ్య ఉంటుంది. అందువల్ల 30 కిలోరాంట్‌జెన్‌లు గింజలో 263 నుంచి 291 గ్రే మధ్య ఎక్కడో ఉంటాయి. మూల గ్రంథంలో ప్రమాణం స్పష్టంగా లేనప్పుడు 300 గ్రే అని ఖచ్చితంగా రాయడమూ, 287.4 గ్రే అని దశాంశాలతో రాయడమూ రెండూ సరికావు. లేని ఖచ్చితత్వాన్ని దశాంశ బిందువు తెచ్చిపెట్టదు. ‘30 కేఆర్, సుమారు 260–300 గ్రే’ అని రాయడమే నిజాయితీగల మార్గం.

న్యూట్రాన్లు రెండవ చిక్కు. దీనికి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ చరిత్రలోనే ఉదాహరణ ఉన్నది. హెచ్‌సీ 6 ఆముదం విత్తనాలను థర్మల్ న్యూట్రాన్లకు గురిచేసి, వాటి సంతతి నుంచి ఎంపిక చేసిన అరుణ రకం 1969లో విడుదలైనది. సుమారు 270 రోజుల పంటకాలాన్ని అది దాదాపు సగానికి తగ్గించింది. మెట్ట సేద్యంలో ఆముదం స్థానాన్నే మార్చిన రకాలలో అదొకటి. ఆనాటి న్యూట్రాన్ ప్రయోగాలలో మోతాదును చదరపు సెంటీమీటరుకు ఇన్ని న్యూట్రాన్లు అని చెప్పడం ఆనవాయితీ. ఇది విత్తనంపై పడిన కణాల లెక్క. శోషిత శక్తి లెక్క కాదు. థర్మల్ న్యూట్రాన్ల నుంచి విత్తనం గ్రహించే శక్తి ఆ విత్తనంలోని నత్రజని, బోరాన్, హైడ్రోజన్ పరిమాణాలపై ఆధారపడుతుంది. కనుక ఏ ఒక్క గుణకంతోనూ దానిని గ్రేలోకి మార్చజాలము. పైగా, శోషిత మోతాదు సమానంగా ఉన్నా న్యూట్రాన్లు గామా కిరణాల కంటె అనేక రెట్లు జీవప్రభావం చూపుతాయి. 20 గ్రే న్యూట్రాన్లను 20 గ్రే గామా కిరణాలతో ఒకే పట్టికలో, ఒకే వరుసలో పోల్చడం తగదు.

మూడవది క్యూరీ, బెకరెల్ ప్రమాణాలతో కలిగే గందరగోళం. ఒక క్యూరీ 3,700 కోట్ల బెకరెల్‌లు. ఇవి మూలపదార్థంలో సెకనుకు జరిగే విచ్ఛిత్తులను లెక్కిస్తాయి. ‘5,000 క్యూరీల కోబాల్ట్ మూలంతో 10 నిమిషాలు’ అన్న వాక్యంలో మోతాదు లేదు. దూరం, అమరిక, మోతాదు రేటు తెలియకుండా దాని నుంచి గ్రేను రాబట్టే మార్గం లేదు.

నాలుగవది సీవర్ట్. ఒక సీవర్ట్ 100 రెమ్‌లు. గ్రేకు, రాడ్‌కు మధ్యనున్న నూరు రెట్ల సంబంధమే ఇక్కడా ఉన్నందున వీటిని పర్యాయపదాలుగా భావించేవారున్నారు. సీవర్ట్ మానవ శరీర రక్షణ కోసం ఏర్పడిన ప్రమాణం. ప్రజలకు సంవత్సరానికి ఒక మిల్లీసీవర్ట్ అన్న పరిమితి ఆ కోవలోనిది. విత్తనానికి, ఉల్లిగడ్డకు, మిరప పొడికి సీవర్ట్‌లో మోతాదు చెప్పడం అర్థరహితం.

ఈ నాలుగూ సరిచూసుకున్నా, గ్రే అంకె ఒక్కటే ప్రయోగాన్ని పునరావృతం చేయడానికి చాలదు. బాగా ఎండిన విత్తనంలో ఆమ్లజని వల్ల హాని పెరుగుతుంది. 12 నుంచి 14 శాతం తేమ వద్ద అది చాలా వరకు తగ్గుతుంది. ఒకే 300 గ్రేకు రెండు ప్రయోగశాలలు రెండు విధాలైన మొలక శాతాలను చూపడానికి ఇది తరచు కారణమవుతుంది. తేమ శాతం చెప్పని మోతాదు, నేల తేమ చెప్పని విత్తన మోతాదు వంటిది.

ప్రయోగశాల దాటిన తరువాత

మార్పిడి తప్పు సిద్ధాంత గ్రంథంలో ఉన్నంతవరకు నష్టం పరిశోధనకు పరిమితం. ఆహార వికిరణంలో అది రైతు సరుకునూ, ఎగుమతినీ, వినియోగదారుని నమ్మకాన్నీ తాకుతుంది. భారత నిబంధనల ప్రకారం ఉల్లి, బంగాళాదుంప వంటివి మొలకెత్తకుండా ఉండటానికి 0.02 నుంచి 0.2 కిలోగ్రే, ధాన్యాలు, పప్పులలో కీటక నివారణకు 0.25 నుంచి 1 కిలోగ్రే, సుగంధ ద్రవ్యాలలో సూక్ష్మజీవుల నివారణకు 6 నుంచి 14 కిలోగ్రే అనుమతించబడినవి. పాత లెక్కలో ఇవి వరుసగా 2 నుంచి 20 కిలోరాడ్‌లు, 25 నుంచి 100 కిలోరాడ్‌లు, 0.6 నుంచి 1.4 మెగారాడ్‌లు. ఒకే పట్టికలో గ్రే, కిలోగ్రే, కిలోరాడ్, మెగారాడ్‌లు కలగలిసినప్పుడు ఉల్లికీ మిరపకూ మధ్యనున్న అంతరం చదువరికి కనిపించకుండా పోతుంది.

2007లో భారతీయ మామిడి అమెరికా విపణిలోకి తిరిగి ప్రవేశించడానికి వికిరణమే మార్గం చూపింది. అక్కడి నిర్బంధ నియమం కనీసం 400 గ్రే. తాజా పండ్లకు గరిష్ఠ పరిమితి 1 కిలోగ్రే, అంటే 1,000 గ్రే. పెట్టె అంచున ఉన్న కాయకూ, మధ్యలో ఉన్న కాయకూ ఒకే మోతాదు అందదు. మధ్యలోని కాయకు 400 గ్రే తగ్గకూడదు. అంచులోని కాయకు 1,000 గ్రే మించకూడదు. ఇక్కడ ‘400 గ్రే ఇచ్చాము’ అన్న మాట సగటుకా, కనిష్ఠానికా అన్నది తేలకపోతే ప్రమాణం ఎంత శుద్ధంగా రాసినా ఫలితం లేదు. మోతాదు తగ్గితే టెంక పురుగు సజీవంగా పోవచ్చు. హెచ్చితే కాయ నాణ్యత చెడి, సరుకు తిరస్కరణకు గురి కావచ్చు.

‘మోతాదు’ అన్న తెలుగు మాట కూడ ఇక్కడ వివరణ కోరుతుంది. ఎరువు మోతాదు, పురుగుమందు మోతాదు అన్నప్పుడు వేసిన పదార్థం నేలలోనో, పంటలోనో కొంత మిగులుతుంది. అవశేషాన్ని కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. గామా మోతాదు అటువంటి పదార్థం కాదు. అది శోషించబడిన శక్తి. కోబాల్ట్-60 గామా కిరణాలు సోకిన ఆహారం రేడియోధార్మికం కాదు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థల సంయుక్త నిపుణుల సంఘం సగటున 10 కిలోగ్రే వరకు వికిరణం పొందిన ఆహారం వల్ల విష ప్రమాదం లేదని ప్రకటించింది. ఈ భేదాన్ని రైతుకు వివరించని విస్తరణ సాహిత్యం అతనిలో అనవసరమైన భయాన్ని మిగులుస్తుంది.

తెలుగు లిపిలో ఒక అదనపు ప్రమాదం

కిలోగ్రేను తెలుగులో ‘కి.గ్రే.’ అని సంక్షిప్తం చేస్తే, అది కిలోగ్రాముకు వాడే ‘కి.గ్రా.’ నుంచి ఒక్క గుణింతం తేడాతో నిలుస్తుంది. మిల్లీగ్రే, మిల్లీగ్రాముల గతి కూడ ఇంతే. అచ్చులో ఏత్వం దీర్ఘంగా మారడానికి పెద్ద కారణం అక్కరలేదు. వ్యవసాయ రచనలో కిలోగ్రాము ప్రతి పుటలోనూ కనిపించే మాట కనుక, అక్షరాలు దిద్దేవారు అపరిచితమైన ‘కి.గ్రే.’ను అచ్చుతప్పుగా భావించి ‘సవరించే’ అవకాశమూ లేకపోలేదు. అందువల్ల తెలుగు వ్యాసాలలో గ్రే, కిలోగ్రే, మిల్లీగ్రే పదాలను పూర్తిగా రాయడం ఒక నియమంగా పాటించాలి. ‘మి.’ అన్న పొడి అక్షరం మిల్లీకి గాని, మెగాకు గాని వాడరాదు. ఆ రెండింటి మధ్య నూరు కోట్ల రెట్ల తేడా ఉన్నది.

అభ్యంతరాలు, సమాధానాలు

ఈ వాదనపై రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, కిలోరాడ్ ప్రజననకారుల నాలుకపై స్థిరపడిన ప్రమాణమనీ, 20, 30, 40 వంటి చిన్న అంకెలు జ్ఞాపకానికి అనువైనవనీ. ఇందులో నిజం ఉన్నది. పుట్టి, బస్తా, సెంటు వంటి కొలతలు రైతు వ్యవహారంలో నేటికీ జీవించడానికి కారణం కూడ ఆ అనువే. కాని పుట్టి బరువు ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క తీరుగా ఉన్నందునే పరిశోధనా పత్రం కిలోలలో రాస్తుంది. సంభాషణలో కిలోరాడ్ ఉండవచ్చు. పత్రంలో గ్రే ఉండాలి.

రెండవది మరింత బలమైనది. రకాల మధ్య, తేమ శాతాల మధ్య జీవప్రతిస్పందన ఎంతో మారుతున్నప్పుడు రాంట్‌జెన్, రాడ్‌ల మధ్య కొద్ది శాతం తేడాను పట్టించుకోవడం అతిశయం కాదా అన్నది. ఆ తేడా ఒక్కదానికే అయితే అభ్యంతరం సమంజసమే. అయితే జీవ వైవిధ్యం తగ్గించలేనిది, కొలత అస్పష్టత తగ్గించగలిగినది. తగ్గించగలిగిన దానిని కూడ కలిపివేస్తే ఏది విత్తన స్వభావమో, ఏది రాతలోని లోపమో విడదీయడం అసాధ్యమవుతుంది. భూసార శాస్త్రంలో ఈ అనుభవం పాతదే. హెక్టారుకు 60 కిలోల భాస్వరం అన్నప్పుడు అది ఆక్సైడు రూపంలోనా, మూలక రూపంలోనా అన్నది తేల్చకపోతే లెక్క 2.29 రెట్లు మారుతుంది. మూలక రూపమైతే ఆక్సైడు లెక్కలో అది 137 కిలోలు. ఆ విషయంలో పత్రికలు స్పష్టత కోరుతున్నాయి. వికిరణ మోతాదుకు తక్కువ శ్రద్ధ చాలుననడానికి కారణం కనిపించదు.

చేయవలసినవి

పత్రికలూ, పరిశోధనా మార్గదర్శకులూ ఐదు నియమాలను అంగీకరిస్తే ఈ సమస్య చాలా వరకు తీరుతుంది.

1. కొత్త పత్రాలలో శోషిత మోతాదును గ్రే లేక కిలోగ్రేలో మాత్రమే తెలపాలి. ఒక పట్టికలో ఒకే ప్రమాణం ఉండాలి.

2. పాత గ్రంథాలను ఉదహరించేటప్పుడు మూలంలోని అంకెనూ, ప్రమాణాన్నీ యథాతథంగా ఇచ్చి, మార్చిన విలువను దాని పక్కన కుండలీకరణంలో చూపాలి. మూలాన్ని తొలగించి మార్చిన అంకెను మాత్రమే ఇస్తే తప్పును తరువాతివారు పట్టుకోలేరు.

3. కిలోరాంట్‌జెన్, న్యూట్రాన్ సంఖ్య, క్యూరీలలో ఉన్న విలువలకు గుణకంతో మార్పిడి చేసి ఖచ్చితమైన అంకెగా చూపరాదు. పరిధిని తెలపాలి. అది సాధ్యం కానప్పుడు మార్చకుండా వదలాలి.

4. కిరణ రకం, మోతాదు రేటు, దానిని నిర్ధారించిన తేదీ, విత్తన తేమ శాతం మోతాదుతో పాటు విధిగా ఉండాలి. ఆహార వికిరణమైతే కనిష్ఠ, గరిష్ఠ మోతాదులు రెండూ ఉండాలి.

5. తెలుగు రచనలలో ప్రమాణాల పేర్లను సంక్షిప్తం చేయకుండా పూర్తిగా రాయాలి.

వీటిలో ఏదీ వ్యయంతో కూడినది కాదు. కొత్త యంత్రం అక్కరలేదు. ట్రాంబేలో ఎక్స్ కిరణాలతో ప్రారంభమై టీఏజీ 24, టీజీ 26 వంటి రకాల వరకు సాగిన వేరుశనగ కృషి గాని, ఆముదంలో అరుణ రకం గాని ఏళ్ల తరబడి పొలాలలో నడిచి, వరుస వరుసనూ పరిశీలించిన శాస్త్రవేత్తల శ్రమఫలం. అటువంటి శ్రమను నమోదు చేసిన పాత గ్రంథాలు తరువాతి తరానికి ఉపయోగపడాలంటే వాటిలోని అంకెలు చదవగలిగేవిగా ఉండాలి. పదితో గుణించడం ఎవరికైనా వచ్చు. గుణించవలసినదేదో, గుణించరానిదేదో తెలిసి రాయడం శాస్త్రజ్ఞుని బాధ్యత.